ఎంపిక చేసేవారికీ ఒక పరీక్ష

“మౌలానా, మీకు ఇంగ్లీషు రాదు కదా! విదేశాలకు పోయి చదివే పిల్లలను ఎంపిక చేసే బోర్డులో మీరేం చేస్తారు?”

వేంసూరు సెంటరులో టీ కొట్టు నడిపే మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. అందులో ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ బోర్డులో మూడేళ్ళు పనిచేసి బయటికి వచ్చిన తర్వాత గాని, ఆనాడు నా దగ్గర సరైన సమాధానం లేదని నాకు తెలిసిరాలేదు. ఈ మాసపత్రిక పాఠకులలో జకాత్ ఇచ్చేవారున్నారు, వసూలు చేసేవారున్నారు, పంచేవారున్నారు, దాని కోసం దరఖాస్తు పెట్టుకునే పిల్లల తల్లిదండ్రులూ ఉన్నారు. వారందరికీ పనికొస్తుందన్న ఆశతో, నా వల్ల జరిగిన ఒక పొరపాటును దాచకుండా రాస్తున్నాను.

నా వయస్సు 56 సంవత్సరాలు. పదమూడో ఏట ఇల్లు వదిలి ఉత్తరప్రదేశ్‌లోని ఒక పెద్ద దారుల్ ఉలూమ్‌కు వెళ్ళాను. అక్కడ ఎనిమిదేళ్ళు తిన్న అన్నం, కట్టిన బట్ట, చదివిన పుస్తకం అన్నీ నేనెన్నడూ చూడని ముస్లిముల విరాళాలతో వచ్చినవే. ఆ మాటకొస్తే నేనూ విద్యార్థి వేతనం మీద చదువుకున్నవాణ్ణే. 1866లో దేవబంద్ మదరసా ప్రారంభమైనప్పుడు మౌలానా ఖాసిం నానౌతవీ (రహ్మ) దానికి ఎనిమిది నియమాలు రాసి పెట్టారు. పేరు ప్రతిష్ఠలు ఆశించని సామాన్యుల చిన్న చిన్న విరాళాలలోనే ఎక్కువ శుభం ఉంటుందన్నది వాటిలోని ఒక ముఖ్యమైన భావం. విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ నియమాలను కంఠస్థం చేశాను. వాటి లోతు మాత్రం ఈ బోర్డులో కూర్చున్నాకే అర్థమైంది.

అమెరికాలో, గల్ఫ్ దేశాలలో స్థిరపడిన కొందరు తెలుగు ముస్లిం సోదరులు కలిసి ఒక నిధి ఏర్పాటు చేశారు. పేద ముస్లిం విద్యార్థులు విదేశీ విశ్వవిద్యాలయాలలో పోస్ట్ గ్రాడ్యుయేషన్ చదవడానికి సాయం చేయడం దాని ఉద్దేశం. ఐదుగురు సభ్యుల బోర్డులో ఇద్దరు ఇంజినీర్లు, ఒక వైద్యుడు, ఒక వ్యాపారి, నేను. నిధిలో పెద్ద భాగం జకాత్ సొమ్ము గనుక, అది షరీఅత్ హద్దులలో ఖర్చవుతున్నదో లేదో చూడడానికి నన్ను పిలిచారు. జకాత్ సొమ్మును అర్హుని చేతికి యాజమాన్యంగా అందజేయాలి. దానితో భవనం కట్టించినా, కార్యాలయం అద్దె చెల్లించినా హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ నెరవేరదు. పుచ్చుకునేవాని వద్ద అవసరాలకు మించి నిసాబ్ పరిమాణంలో, అంటే 612.36 గ్రాముల వెండి విలువకు సరిపడా సంపద ఉండకూడదు. ఈ విషయాలు చెప్పడమే నా పని అనుకున్నాను.

చదువు కోసం దేశాలు దాటడం మనకు కొత్త కాదు. చైనాకు వెళ్ళయినా విద్య నేర్చుకోమని ఒక హదీసుగా చెప్పుకొంటారు గాని, హదీసువేత్తల దృష్టిలో దాని పరంపర బలహీనమైనది. మనకు దాని అవసరం కూడా లేదు. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒకే ఒక్క హదీసు వినడానికి ఒంటె కొనుక్కొని నెలరోజులు ప్రయాణించి షామ్ దేశం వెళ్ళారు. ఇక విద్యార్థి వేతనం సంగతికి వస్తే, ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) పాఠశాలలో ఒక పేద పిల్లవాడు ఉండేవాడు. ఇంట్లో గడవక, చదువు మానిపించి పనికి పంపాలని చూశారు. సంగతి తెలిసిన ఇమామ్ గారు ఆ పిల్లవానికి దిర్హముల సంచి ఇచ్చి, చదువు మానవద్దన్నారు. సొమ్ము అయిపోయిందని శిష్యుడు ఎన్నడూ చెప్పలేదు. గురువుగారే గ్రహించి మళ్ళీ మళ్ళీ ఇస్తూ ఉండేవారు. ఆ పిల్లవాడే తర్వాత హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తి అయిన ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ).

మన నేల మీద కూడా ఈ సంప్రదాయం ఉన్నది. 1895లో హైదరాబాద్ నిజాం ప్రభుత్వ విద్యార్థి వేతనంతోనే పదహారేళ్ళ సరోజినీ చటోపాధ్యాయ లండన్‌లోని కింగ్స్ కాలేజీకి, ఆ తర్వాత కేంబ్రిడ్జిలోని గిర్టన్ కాలేజీకి వెళ్ళారు. ఆమెనే మనం సరోజినీ నాయుడుగా ఎరుగుదుం. 1908లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదువుకొని, జర్మనీలోని బాన్‌లోనూ పారిస్‌లోని సోర్బాన్‌లోనూ పరిశోధన చేసిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (రహ్మ) 1959లో దివ్య ఖుర్ఆన్‌కు ఫ్రెంచి అనువాదం అందించారు. ఒక విద్యార్థి విదేశం వెళితే అతని కుటుంబానికే కాక ఎంతమందికి మేలు జరగగలదో చెప్పడానికి ఆయన జీవితం చాలు.

నేడు మన రాష్ట్రంలో మైనారిటీ విద్యార్థుల కోసం ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం ఉన్నది. 2015లో మొదలైన ఈ పథకం కింద 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. కుటుంబ వార్షికాదాయం 5 లక్షలకు మించరాదు. డిగ్రీలో 60 శాతం మార్కులుండాలి. అయితే ఈ సొమ్ము రెండు విడతలుగా వస్తుంది. విద్యార్థి ఆ దేశంలో దిగినట్లు ఆధారం చూపాక మొదటిది, మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాక రెండవది. ఏ ప్రభుత్వమైనా ప్రజల సొమ్ముకు ఇటువంటి జాగ్రత్త తీసుకోవడం సహజమే. కాని పేద ఇంటి పిల్లలకు అసలు గండం విమానం ఎక్కకముందే ఉంటుంది. జర్మనీనే తీసుకోండి. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావాటిలో ఫీజు లేదు. కాని వీసా కావాలంటే ఏడాది జీవనవ్యయానికి సరిపడా సొమ్మును ముందుగానే ప్రత్యేక ఖాతాలో వేసి చూపాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. మన లెక్కలో పదకొండు లక్షల రూపాయలకు పైమాటే. దిగిన తర్వాత వచ్చే సొమ్ము, దిగడానికి ముందు కావలసిన సొమ్ము. ఈ రెండింటి మధ్య ఉన్న కందకంలోనే ఎందరో పిల్లలు ఆగిపోతారు. వడ్డీకి అప్పు తెస్తే దాటవచ్చు. వడ్డీ హరామ్ అని నమ్మే కుటుంబానికి ఆ దారి కూడా మూసుకుపోతుంది. ఆ కందకం మీద ఒక చిన్న వంతెనగా మా నిధి పనిచేయాలన్నది స్థాపకుల ఆలోచన. మంచి ఆలోచనే.

నేను చేరిన రెండవ ఏడాది వడపోత తర్వాత చివరి ముఖాముఖికి ఆరుగురు మిగిలారు. సొమ్ము ముగ్గురికే ఉన్నది. ఇద్దరి విషయంలో అందరిదీ ఒకే మాట. మూడవ స్థానానికి ఇద్దరు పోటీలో నిలిచారు.

ఒకరు మా ప్రాంతపు అబ్బాయి. తండ్రికి మామిడి, పామాయిల్ తోటలున్నాయి. హైదరాబాద్‌లో మంచి బడిలో చదివాడు. మాట నదిలా సాగేది. ఆ తండ్రికి మా నిధి దాతలలో ఒకరితో పాత పరిచయం ఉన్నది. “మంచి కుటుంబం, చూడండి” అని ఆ దాత నుంచి ఒక కబురు వచ్చింది. అంతకు మించి ఎవరూ ఒత్తిడి చేయలేదు.

రెండవది ఒక అమ్మాయి. సత్తుపల్లి వైపు ఒక పల్లె. వేంసూరుకు పది, పన్నెండు కిలోమీటర్లకు మించదు. తండ్రి దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టే నూర్‌బాషా సోదరుడు. పదో తరగతి వరకు సర్కారు బడిలో తెలుగు మీడియం, తర్వాత ఖమ్మంలో సివిల్ ఇంజినీరింగు. నీటి వనరుల ఇంజినీరింగులో ఎం.ఎస్సీ. చదవడానికి జర్మనీలో ఒక విశ్వవిద్యాలయం సీటిచ్చింది. మార్కులు ఆ అబ్బాయి కంటే ఎక్కువ.

అబ్బాయి విషయంలో ఒక సందేహం వచ్చింది. తండ్రి స్థితిమంతుడు కదా, కొడుక్కి జకాత్ సొమ్ము ఇవ్వవచ్చునా అని నన్ను అడిగారు. పిల్లవాడు బాలిగ్ అయి, అతని పేరున నిసాబ్‌కు సరిపడా సంపద లేనట్లయితే తండ్రి ధనికుడైనా జకాత్ ఇవ్వవచ్చునని హనఫీ గ్రంథాలలో ఉన్నది. రెండు వాక్యాలలో ఆ మాటే చెప్పాను. అది తప్పు ఫత్వా కాదు. ఈ రోజు అడిగినా అదే చెబుతాను. కాని వారు నన్ను “ఇవ్వవచ్చునా?” అని మాత్రమే అడిగారు. “ఈ ఇద్దరిలో ఎవరికి ఇవ్వాలి?” అని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న నేను వేసి ఉండవలసింది. వేయలేదు.

అమ్మాయి ముఖాముఖి పదిహేను నిమిషాలు జరిగింది. ఇద్దరు సభ్యులు అమెరికా నుంచి తెర మీద కనిపిస్తూ ఇంగ్లీషులో అడుగుతున్నారు. ఐదేళ్ళ తర్వాత నిన్ను నీవు ఎక్కడ చూసుకుంటున్నావన్నది ఒక ప్రశ్న. ఆ అమ్మాయి చాలాసేపు మౌనంగా ఉండి, తనకు తెలియదని చెప్పింది. మన ఊళ్ళలో ఆడపిల్లను ఎవరైనా ఎన్నడైనా ఇటువంటి ప్రశ్న అడుగుతారా? కాలువ చివరి భూములకు నీళ్ళెందుకు అందడం లేదో అడిగి ఉంటే గంటసేపు చెప్పేదేమో. మాటలు తడబడినప్పుడల్లా ఆమె నా వైపు చూసింది. రెండుసార్లు చూసింది. ఆ గదిలో తన భాష మాట్లాడేవానిలా కనిపించినవాణ్ణి నేనొక్కణ్ణే. “తెలుగులో చెప్పమ్మా, నేను వీరికి చెప్పిస్తాను” అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అనలేదు. కారణం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది. నాకు ఇంగ్లీషు రాదన్న సంగతి ఆ చదువుకున్నవారి ముందు మరోసారి బయటపడుతుందేమోనన్న సంకోచం. నా పరువు కోసం ఒక పిల్ల భవిష్యత్తును పణంగా పెట్టాను.

తర్వాతి చర్చలో ఒక సభ్యుడు, ఆడపిల్ల మహ్రమ్ లేకుండా అంత దూరం ఎలా వెళుతుందని అన్నారు. ఆ ప్రశ్న తేలికైనది కాదు. మూడు రోజుల దూరానికి మించిన ప్రయాణం మహ్రమ్ లేకుండా చేయరాదన్నది మన ఫుఖహా మాట. భద్రమైన తోడు, నివాసం ఉన్నప్పుడు విద్య వంటి అవసరానికి అనుమతించిన పండితులూ ఉన్నారు. ఏ అభిప్రాయం తీసుకున్నా, ముందు ఆ కుటుంబాన్ని అడగాలి కదా? ఏర్పాటు ఏమిటో తెలుసుకోవాలి కదా? మేము అడగలేదు. అడగని ప్రశ్నకు సమాధానం రాలేదని ఆమెకు మార్కులు తగ్గించినట్లయింది. మూడవ స్థానం అబ్బాయికి వెళ్ళింది. అమ్మాయికి ఒక వాక్యం ఉత్తరం ఈమెయిల్‌లో వెళ్ళింది. ఎంపిక చేయలేకపోయినందుకు చింతిస్తున్నామని, అంతే.

అది మామిడిపండ్ల కాలం. పది రోజుల తర్వాత మా మదరసాకు రెండు బుట్టల బంగినపల్లి పండ్లు వచ్చాయి. ఆ అబ్బాయి తండ్రి పంపారు. పిల్లలు సంబరంగా తిన్నారు. నేనూ ఒకటి తిన్నాను. మరునాడు పెద్ద తరగతి పిల్లలకు హదీసు పాఠం చెప్పవలసి ఉన్నది. క్రమంలో ఆ రోజు వచ్చినది ఇబ్నుల్ లుత్‌బియ్యా గారి సంఘటన. జకాత్ వసూలుకు పంపిన ఆ వ్యక్తి తిరిగి వచ్చి, ఇది మీ వంతు, ఇది నాకు ఇచ్చిన కానుక అని విడదీసి చూపాడు. అందుకు దైవప్రవక్త (స) మింబర్ మీద నిలబడి, ఇతడు తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చొని ఉంటే ఈ కానుక ఇతని దగ్గరకు వచ్చేదా అని ప్రశ్నించారు. ఈ హదీసు ఎన్నేళ్ళుగానో చెబుతున్నాను. ఆ రోజు గొంతు పెగల్లేదు. ముందు వరుసలో కూర్చున్న పిల్లవాని చొక్కా మీద మామిడి రసం మరక ఇంకా ఉన్నది.

పాఠం ఆపి లేచాను. ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత అబస సూరా తెరిచి చాలాసేపు కూర్చున్నాను. దైవప్రవక్త (స) ఖురైష్ పెద్దలకు ధర్మాన్ని బోధిస్తున్న సమయంలో అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి తనకు నేర్పమని కోరారు. ఆ సందర్భంలో ఆయన వైపు నుంచి ముఖం తిప్పుకున్నందుకు అల్లాహ్ తన ప్రియప్రవక్త (స)నే సున్నితంగా హెచ్చరించాడు. ఆ తర్వాత ఆయనను దైవప్రవక్త (స) ఎంతో గౌరవించారు. తాము ప్రయాణంలో ఉన్నప్పుడు మదీనా బాధ్యతలు కూడా అప్పగించారు. అక్కడ దైవప్రవక్త (స) దృష్టిలో ఉన్నది ధర్మ ప్రచారం అనే మహత్కార్యం. మా బోర్డుకు అటువంటి కారణం ఏదీ లేదు. గలగలా మాట్లాడేవాని వైపు తిరిగి కూర్చున్నాం, నేర్చుకోవాలని తపించి వచ్చినదాని నుంచి ముఖం తిప్పుకున్నాం.

వారం తర్వాత స్కూటరు మీద ఆ పల్లెకు వెళ్ళాను. తోటల మధ్య అరగంట దారి. అర్హులను గుర్తించడానికి హైదరాబాద్ దాకా బస్సులో వెళ్ళిన నేను, అంతకు ముందే ఈ అరగంట ప్రయాణం చేయాలని ఎందుకు అనుకోలేదో! రేకుల ఇల్లు. వసారాలో సగం కుట్టిన పరుపు, గోడకు దూది ఏకే పాత విల్లు. ఇప్పుడు పని యంత్రం మీదే చేస్తున్నా, తాత వాడినది గనుక పారేయలేదని ఆయన చెప్పారు. సలాం చెప్పి నేనెవరో చెప్పుకున్నాను. నేనేదో శుభవార్త తెచ్చానని అనుకున్నారు. కాదని చెప్పాక కూడా మర్యాద తగ్గలేదు. తల్లి టీ పెట్టి తెచ్చింది.

మాటల్లో మహ్రమ్ ప్రస్తావన తెచ్చాను. ఆ తండ్రి ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, బీరువాలోంచి ఒక పాస్‌పోర్టు తెచ్చి నా చేతిలో పెట్టారు. కూతురిది కాదు, ఆయనది. కొత్తది. ఒక్క పేజీలోనూ ముద్ర లేదు.

“నేను వెంట వెళ్ళి, ఉండే చోటు చూసి, దగ్గరలోని మస్జిద్ వాళ్ళతో మాట్లాడి, అప్పగించి వద్దామనుకున్నాను మౌల్సాబ్. టికెట్టుకు రెండు మేకలు, వాళ్ళ అమ్మ గొలుసు పక్కన పెట్టాం. పాస్‌పోర్టుకు 1,500 కట్టి తీయించుకున్నాను. మీరు అడుగుతారని అనుకున్నాం.”

మేము అడగలేదు. తల దించుకొని పాస్‌పోర్టు తిరిగి ఇచ్చాను.

అప్పుడు ఆ అమ్మాయి తలుపు పక్కన నిలబడి అన్నది: “నాకు రాలేదని బాధ లేదు ఉస్తాద్. ముగ్గురికే ఉందని ముందే చెప్పారు. ఎందుకు రాలేదో తెలిస్తే దిద్దుకుందును. ఇంగ్లీషు చాల్లేదా, మార్కులు చాల్లేదా, ఆడపిల్లననా? ఆ ఒక్క లైనులో ఏమీ లేదు.”

నేను కారణాలు దాచకుండా చెప్పాను. నా మౌనం సంగతీ చెప్పి, క్షమించమని అడిగాను. తండ్రి కంగారుపడి “అంత మాట ఎందుకు, మీరు పెద్దవారు” అన్నారు. అమ్మాయి మాత్రం క్షమించానని గాని, లేదని గాని అనలేదు. నా మాటలు విని తల ఊపింది. అది ఆమె హక్కు.

ఆ ఏడాది సీటు గడువు ముగిసిపోయింది. మర్నాటికి మరో దాతను వెతికి తెచ్చి పరిస్థితిని తారుమారు చేశానని రాయగలిగితే బాగుండేది. ప్రయత్నించాను, పదకొండు లక్షలు సమకూరలేదు. ఆమె ఆ శీతకాలం గేట్ పరీక్ష రాసి, వరంగల్ ఎన్.ఐ.టి.లో ఎం.టెక్. సీటు సంపాదించుకున్నది. అక్కడ నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం వస్తుంది. అల్ హమ్‌దులిల్లాహ్, ఆమె చదువు ఆగలేదు. అందులో మా గొప్ప ఏమీ లేదు. ఎంపికైన అబ్బాయి కూడా బుద్ధిగా చదువుకున్నాడు, అతనిలో ఏ దోషమూ లేదు. అతని తండ్రి ఇంటికి వెళ్ళి, పండ్ల వెల నా జేబులోంచి నిధికి జమ చేశానని, ఇకపై ఇటువంటివి పంపవద్దని చెప్పాను. ఆయన ముఖం ముడుచుకున్నారు. నేటికీ సలాముకు జవాబిస్తారు, అంతకు మించి మాట్లాడరు. ఆ బాధ నేను భరించవలసినదే.

తర్వాతి సమావేశంలో జరిగినదంతా బోర్డు ముందు పెట్టాను. నాలుగు మార్పులు కోరాను.

మొదటిది, ముఖాముఖికి ముందే దగ్గరలో ఉన్న ఒక సభ్యుడు అభ్యర్థి ఇంటికి వెళ్ళి రావాలి. పేదరికం ఆదాయ ధ్రువపత్రంలో కంటే ఇంటి వసారాలో స్పష్టంగా కనిపిస్తుంది. రెండవది, అభ్యర్థి తెలుగులోనో ఉర్దూలోనో జవాబు చెప్పవచ్చు. ఇంగ్లీషు సామర్థ్యానికి వేరే పరీక్షలున్నాయి, విశ్వవిద్యాలయాలు వాటిని చూసుకునే సీటిస్తాయి. మూడవది, సభ్యునికి గాని దాతకు గాని బంధుత్వమో పరిచయమో ఉన్న దరఖాస్తు వచ్చినప్పుడు ఆ సంగతి రాసిపెట్టాలి, ఆ సభ్యుడు లేచి బయటికి వెళ్ళాలి. నాలుగవది, ఎంపిక కాని ప్రతి ఒక్కరికీ కారణం తెలుపుతూ ఉత్తరం రాయాలి.

మొదటి మూడింటికి పెద్దగా అభ్యంతరం రాలేదు. నాలుగవదానికే వచ్చింది. కారణం రాస్తే వాదనకు దిగుతారు, సమయం చాలదు అన్నారు. అన్నిసా సూరాలో అమానతులను అర్హులకు అప్పగించమన్న ఆదేశం, మనుషుల మధ్య తీర్పు చెప్పేటప్పుడు న్యాయంగా చెప్పమన్న ఆదేశం ఒకే వాక్యంలో జంటగా ఉన్నాయి. మనం చేస్తున్నది దానమే అనుకుంటున్నాం, నిజానికి తీర్పు చెబుతున్నాం, కారణం చెప్పలేని తీర్పును రేపు అల్లాహ్ ముందు ఎలా సమర్థించుకుంటాం అని అడిగాను. రెండు సమావేశాల తర్వాత ఒప్పుకున్నారు. నేను రాసిన మొదటి ఉత్తరం ఆ అమ్మాయికే. ఆలస్యంగానైనా, తెలుగులో, మూడు పేజీలు.

మరో మార్పు కూడా వచ్చింది. ప్రభుత్వ పథకంలో ఎంపికైన విద్యార్థికి ప్రయాణానికి ముందు కావలసిన సొమ్మును ఖర్జె హసనా, అంటే వడ్డీ లేని రుణంగా ఇవ్వడం. ప్రభుత్వ విడత అందాక వారు తిరిగి చెల్లిస్తారు, ఆ సొమ్ము మరొకరికి వెళుతుంది. ఇది మేము కనిపెట్టినది కాదు. జిద్దా కేంద్రంగా ఉన్న ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు 1983 నుంచి మనవంటి దేశాల ముస్లిం విద్యార్థులకు వృత్తి విద్య కోసం ఇదే పద్ధతిలో సాయం చేస్తూ వచ్చింది. విద్యార్థికి అది వడ్డీ లేని అప్పు, అతని సమాజానికి అది విరాళం. అతను తీర్చిన సొమ్ము అక్కడి తర్వాతి తరానికే చేరుతుంది. అయితే జకాత్ సొమ్మును ఇలా తిరిగి రాబట్టుకునే అప్పుగా ఇవ్వకూడదు గనుక, ఈ రుణాలకు ఐచ్ఛిక దానాల సొమ్మును వేరు ఖాతాలో పెట్టించాను. ఇది మాత్రం నేను సరిగా చేసిన పని అనుకుంటున్నాను.

మూడవ ఏడాది ముగిశాక బోర్డు నుంచి తప్పుకొని, నా స్థానంలో ఒక మహిళా అధ్యాపకురాలిని తీసుకోమని కోరాను. తలుపు పక్కన నిలబడిన ఆడపిల్లను లోపలికి పిలిచి అడగగలవారు ఆ గదిలో ఒకరుండాలి. షరీఅత్ విషయాలకు అవసరమైనప్పుడు ఫోను చేస్తే చెబుతానన్నాను. చేస్తున్నారు.

హజ్రత్ అబూ దర్ (రజి) తనకేదైనా పదవి ఇవ్వమని కోరినప్పుడు దైవప్రవక్త (స) ఆయన భుజం తట్టి, అది అమానతు అనీ, దాని హక్కు నెరవేర్చినవారికి తప్ప ఇతరులకు ప్రళయదినాన అవమానంగా, పశ్చాత్తాపంగా మిగులుతుందనీ హెచ్చరించారు. పదవి అంటే రాజ్యాలే కానక్కరలేదు. మస్జిద్ కమిటీ, బైతుల్‌మాల్, ఊరి జకాత్ సంఘం, విద్యార్థి వేతనాల బోర్డు అన్నీ ఆ లెక్కలోనివే. సిఫారసు కూడా ఒక సాక్ష్యమే. మంచి సిఫారసు చేసినవారికి దానిలో వాటా, చెడు సిఫారసు చేసినవారికి దానిలో వాటా ఉంటాయని అన్నిసా సూరా తెలియజేస్తున్నది. కనుక దాతలైన సోదరులు “మంచి కుటుంబం, చూడండి” అని కబురు పంపే ముందు, ఆ మాట వల్ల ఏ ఇంటి గడప ముందు దీపం ఆరుతుందో ఒక క్షణం ఆలోచించాలి. స్థితిమంతులైన తల్లిదండ్రులు, చెల్లుతుందన్న ఫత్వా చేతిలో ఉన్నా, మనకంటే అక్కర గలవారు వరుసలో ఉన్నారేమో చూసుకోవాలి. దరఖాస్తు పెట్టే పిల్లలు తిరస్కరణ వచ్చినప్పుడు మౌనంగా ఉండిపోక, ఎందుకని మర్యాదగా అడగాలి. అడగడం వారి హక్కు.

ఈమధ్య టీ కొట్టు మిత్రుడు మళ్ళీ ఎదురైనప్పుడు, ఆనాటి ప్రశ్నకు జవాబు చెప్పాను. ఇంగ్లీషు రాకపోవడం ఆ బోర్డులో నా లోపం కాదు, వచ్చిన తెలుగును నోరు తెరిచి మాట్లాడకపోవడమే నా లోపం అన్నాను. ఆయన ఏమనుకున్నాడో గాని, ఆ రోజు టీకి డబ్బులు తీసుకోలేదు. నేను ఇచ్చే వచ్చాను.

మన చేతుల మీదుగా నడిచే ప్రతి అమానతును దాని అర్హులకు చేర్చే బుద్ధిని, తప్పు జరిగినప్పుడు ఒప్పుకొని దిద్దుకునే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.